మద్దెల ఆకారం చెవికి తెలుస్తుందా: పరిశోధన పత్రాలకు పేర్లు పెట్టడం గురించి

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఆచార్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని, తడబాట్లు మాత్రం తీసేసి టైపు చేశాం.)

వెనక వరుసలకి వినిపిస్తోందా? సరే. మధ్యలో మైకు గొణిగితే చెయ్యెత్తండి.

పొద్దున తొందరగా వచ్చేశాను. టైముంది కదా అని లైబ్రరీలో థీసిస్‌ల బీరువా దగ్గర నిలబడ్డాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. వరసగా పేర్లు చదువుకుంటూ పోయాను. ‘సర్టెన్ ఇన్వెస్టిగేషన్స్ ఆన్...’, ‘సమ్ స్టడీస్ ఆన్...’, ‘సమ్ ఆస్పెక్ట్స్ ఆఫ్...’, మళ్ళీ ‘సర్టెన్ ఇన్వెస్టిగేషన్స్’. అయ్యా, ఏ ఇన్వెస్టిగేషన్స్? ఏవో కొన్ని. ఏ ఆస్పెక్ట్స్? అవీ ఏవో కొన్ని. అయిదేళ్ళు ల్యాబ్‌లో పడి దొర్లి, పెళ్ళిళ్ళూ పేరంటాలూ మానుకుని, చివరికి అట్ట మీద ‘ఏవో కొన్ని చూశాను’ అని బంగారు అక్షరాలు పోయించుకున్నామన్నమాట. మిమ్మల్ని చూసి నవ్వడం లేదు. నా థీసిస్ కూడా ‘సర్టెన్’తోనే మొదలవుతుంది. మా గైడుగారిదీ అంతే. వంశపారంపర్యం.

ఇది మన పాతకాలం అలవాటు అనుకుంటారేమో, కాదు. పాతవాళ్ళు మనకంటే హుషారు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన పెద్ద గ్రంథం పేరు ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’. గంభీరమైన పేరే, ఒప్పుకుంటాను. కానీ అదే మనిషి 665లో గ్రహాల లెక్కలు సులువుగా వేసుకోవడానికి ఇంకో పుస్తకం రాశాడు. దానికేం పేరు పెట్టాడో తెలుసా? ‘ఖండఖాద్యకం’. ఖండం అంటే కలకండ. ఖాద్యం అంటే తినేది. గ్రహగణితానికి మిఠాయి పేరు! ఇవాళ ఎవరైనా అలా పెట్టి జర్నల్‌కి పంపితే రెండు రోజుల్లో తిరిగొస్తుంది. భాస్కరాచార్యుడు 1150లో లెక్కల పుస్తకానికి ‘లీలావతి’ అని పేరు పెట్టాడు. కూతురి పేరు అంటారు. ఆ కూతురి కథ మాత్రం 1587 నాటి పర్షియన్ అనువాదంతో వ్యాప్తిలోకి వచ్చింది. పుస్తకంలో ఉన్నది ‘బాలా, లీలావతీ, ఈ లెక్క చెప్పు’ అని పిలిచి అడగడం. కథ ఎలా ఉన్నా, లీల అంటే ఆట కదా. మన పావులూరి మల్లన లెక్కల పుస్తకం తెలుగులో రాసి ‘సారసంగ్రహ గణితం’ అన్నాడు. జనం ‘పావులూరి గణితం’ అన్నారు. చివరికి ఏది నిలిచింది? జనం అన్నదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు వాతావరణంలోకి వెళ్దాం. ఎడ్వర్డ్ లోరెంజ్. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రవేత్త. 1961లో ఒక చిన్న నమూనా వాతావరణాన్ని కంప్యూటర్ మీద నడిపిస్తున్నాడు. ఒకసారి నడిపిన లెక్కని ఇంకొంచెం పొడిగించి చూద్దామని, మొదట్నుంచీ ఎందుకులే అని, సగంలోంచి మొదలుపెట్టాడు. కాగితం మీద అచ్చయిన అంకె చూసి టైపు చేశాడు: 0.506. కాఫీకి వెళ్ళాడు. మిషన్ కడుపులో ఉన్న అంకె 0.506127. కాగితం మీద చోటు చాలక మూడు స్థానాలే అచ్చయ్యాయి. ఒక గంట పోయాక తిరిగొచ్చి చూస్తే, పాత వాతావరణానికీ కొత్తదానికీ పోలికే లేదు. మొదట మిషన్ పాడైందేమో అనుకున్నాడు. పాడవలేదు. పదివేలలో ఒక వంతు తేడా పెరిగి పెరిగి మొత్తం వాతావరణాన్నే మార్చేసింది.

చూడండి, అదీ విషయం. వింటే ఒళ్ళు జలదరించాలి. మరి 1963లో దాని మీద రాసిన పత్రం పేరేంటి? ‘డిటర్మినిస్టిక్ నాన్‌పీరియాడిక్ ఫ్లో’. నియమం ప్రకారమే నడుస్తూ, తిరిగి అదే వరసకి రాని ప్రవాహం అని. తప్పు లేదు. మూడు మాటలూ ఖచ్చితమైన మాటలే. కానీ దాదాపు పదేళ్ళు వాతావరణ శాస్త్రం బయట దాన్ని పట్టించుకున్నవాళ్ళు చాలా తక్కువ. లెక్కల వాళ్ళకి కావలసిన సరుకు పక్కింట్లోనే ఉంది, తలుపు మీద పేరు చూసి ఇది మన ఇల్లు కాదులే అని వెళ్ళిపోయారు.

1972 డిసెంబర్ 29. వాషింగ్టన్‌లో పెద్ద సైన్స్ సభ. లోరెంజ్ మాట్లాడాలి, కానీ ప్రసంగానికి పేరు పంపలేదు. మనలాగే, చివరి నిమిషం దాకా. ఆ సెషన్ చూస్తున్న ఫిలిప్ మెరిలీస్‌కి ఆయన అందుబాటులోకి రాలేదు. ప్రోగ్రామ్ అచ్చుకి వెళ్ళాలి. తనే ఒక పేరు రాసి పంపేశాడు: ‘బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సస్‌లో టోర్నడో వస్తుందా?’

అంతకుముందు లోరెంజ్ చెప్పిన పోలికలో సీతాకోకచిలుక లేదు. సీగల్ అనే సముద్రపు పక్షి ఉండేది. అది ఎగరలేదు. సీతాకోకచిలుక ఎగిరింది. ఇవాళ మీ ఇంట్లో టెన్త్ చదివే పిల్లాడికి కూడా బటర్‌ఫ్లై ఎఫెక్ట్ అంటే ఏదో ఒకటి తెలుసు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్రసంగంలో ఆయన ఏం చెప్పాడు? అవును, వస్తుంది అన్నాడా? అనలేదు. మొదట్లోనే, ఈ పేరు చూసి నన్ను చిలిపివాడనుకోకండి అన్న ధోరణిలో జాగ్రత్తపడ్డాడు. ఒక రెక్క టోర్నడోని పుట్టించగలిగితే, మరో రెక్క దాన్ని ఆపనూ గలదు అన్నాడు. ఏళ్ళ తరబడి లెక్క తీస్తే రెక్కల వల్ల టోర్నడోల సంఖ్య పెరగదు, తగ్గదు, ఏది ఎప్పుడు వస్తుందన్న వరస మాత్రం మారవచ్చు అన్నాడు. జనం ఏం చేశారు? ప్రశ్నార్థకాన్ని ఊడబీకి పారేశారు. బంగాళాఖాతంలో వాయుగుండం వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక పాపిష్టి సీతాకోకచిలుక ఉందనుకుంటున్నారు. మంచి పేరుకి ఈ ఖర్చు ఉంటుంది. అయినా నేను 1972 పేరు వైపే ఉంటాను. ఎందుకంటారా? పేరు వింతగా ఉంది, కానీ ఆ వింత బయట నుంచి తెచ్చి అతికించింది కాదు. పత్రంలో అడిగిన ప్రశ్నే అది. 0.000127 అనే అంకెకి రెక్కలొచ్చాయి, అంతే.

రెండో కథ నాకు ఇంకా ఇష్టం. మార్క్ కాట్స్ అని పోలండ్ నుంచి అమెరికా వెళ్ళిన గణితవేత్త. 1966లో ఆయన పత్రం పేరు ‘కెన్ వన్ హియర్ ద షేప్ ఆఫ్ ఎ డ్రమ్?’ మద్దెల ఆకారం చెవికి తెలుస్తుందా? మీరు కళ్ళు మూసుకున్నారు. ఎవరో ఒక చర్మపు మూత మీద కొట్టారు. అందులోంచి వచ్చే స్వరాలన్నీ, ఒక్కటీ వదలకుండా, మీ చెవికి తెలుసు. అది గుండ్రటి మూతా, పలకలుగా ఉన్నదా, ఆ ఆకారం గీయగలరా? ఇదీ ప్రశ్న. అసలు పత్రంలో లాప్లాసియన్, ఐగెన్ విలువలు, ఇలాంటి కఠిన గణితం బోలెడంత ఉంది. ఆ మాటలతోనే పేరు పెట్టి ఉంటే ఎంతమంది చదివేవాళ్ళు? ఇక్కడ గణితం వాళ్ళెంతమంది? నలుగురు. ఆ నలుగురే చదివేవాళ్ళు.

మద్దెల అనగానే మనకి మృదంగం గుర్తొస్తుంది కదా. మీలో ఎవరైనా వాయిస్తారా? కుడివైపు మూత మధ్యలో నల్లటి గుండ్రటి పూత ఉంటుంది, చూశారా? మామూలు డప్పు మీద కొడితే వచ్చే స్వరాలు ఒకదానికొకటి రెట్టింపు, మూడు రెట్లు అలా పొందికగా ఉండవు. అందుకే డప్పుకి మోత ఉంటుంది కానీ శ్రుతి ఉండదు. ఆ నల్లటి పూత మధ్యలో బరువు పెంచేసరికి స్వరాలు పొందికలోకి వస్తాయి. అప్పుడు తంబురాతో కలుస్తుంది. ఈ సంగతి సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో ‘నేచర్’లో రాశారు. పేరు ‘మ్యూజికల్ డ్రమ్స్ విత్ హార్మానిక్ ఓవర్‌టోన్స్’. ఉన్నది ఉన్నట్టు. అదీ మంచి పేరే, కాదనను. కానీ కాట్స్ పేరు విన్నాక మనిషి ఊరుకోలేడు. జవాబు కావాలి.

జవాబు 26 ఏళ్ళకి వచ్చింది. 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ అని ముగ్గురు రెండు వేరువేరు ఆకారాలు చూపించారు. రెండింటి స్వరాలూ ఒకటే. మరి వాళ్ళ పత్రం పేరు? ‘వన్ కెనాట్ హియర్ ద షేప్ ఆఫ్ ఎ డ్రమ్’. తెలియదు! ప్రశ్న అడిగినాయన అట్ట మీదే అడిగాడు, జవాబు చెప్పినవాళ్ళు అట్ట మీదే చెప్పారు. ఇంత మర్యాదైన సంభాషణ మన సెమినార్లలో కూడా జరగదు.

ఇందులో కిటుకు ఇంకోటుంది. ఆ పేరు కాట్స్ సొంతం కాదు. ఆయన ఈ సమస్య గురించి లిప్‌మన్ బెర్స్ అనే ఇంకో గణితవేత్తకి చెబుతుంటే, అంటే శ్రుతిజ్ఞానం గట్టిగా ఉన్నవాడికి మద్దెల ఆకారం తెలుస్తుందా అనేగా నువ్వడిగేది, అన్నాడట ఆయన. కాట్స్ ఆ మాట పట్టేసుకున్నాడు. తెచ్చుకున్నది ఎక్కడినుంచో దాచుకోలేదు కూడా, పత్రంలోనే చెప్పాడు.

ఇప్పుడు కలపండి. సీతాకోకచిలుక లోరెంజ్‌ది కాదు, మెరిలీస్‌ది. మద్దెల కాట్స్‌ది కాదు, బెర్స్‌ది. ఇంకోటి. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి తెలిసే ఉంటుంది, డైక్‌స్ట్రా 1968లో రాసిన ‘గో టు స్టేట్‌మెంట్ కన్సిడర్డ్ హార్మ్‌ఫుల్’. ప్రోగ్రామ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే ‘గో టు’ ఆజ్ఞ హానికరం అని. ఆయన పెట్టి పంపిన పేరు ‘ఎ కేస్ అగైన్‌స్ట్ ద గో టు స్టేట్‌మెంట్’. త్వరగా అచ్చేద్దామని దాన్ని ఎడిటర్‌కి లేఖగా మార్చి, ఆ పేరు పెట్టింది ఎడిటర్ నిక్లాస్ వర్త్. ఆ తర్వాత ‘కన్సిడర్డ్ హార్మ్‌ఫుల్’ అని ఎన్ని వచ్చాయో లెక్కలేదు. 1987లో అయితే ఆ పేరునే ‘హార్మ్‌ఫుల్’ అంటూ ఒకరు, వాళ్ళని ‘హార్మ్‌ఫుల్’ అంటూ ఇంకొకరు. అలాగే 2017లో ‘అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్’ వచ్చింది, ఇవాళ మీరు వాడే చాట్‌బాట్లకి పునాది వేసిన పత్రం. మొదటిసారి బాగుంది. ఇప్పుడు ‘అదే చాలు’, ‘ఇదే చాలు’ అని వారానికొకటి. చాలు నాయనా, నిజంగానే చాలు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ పత్రానికి పేరు మీరు పెట్టకండి. పక్కవాళ్ళ నోట్లోంచి రానివ్వండి. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసేది తండ్రే. కానీ ఆ పేరు ఆయన దగ్గరికి వచ్చేలోపు ఎన్ని నోళ్ళు తిరిగిందో ఆడవాళ్ళని అడగండి. నానమ్మ ఒకటంటుంది, మేనత్త కాదంటుంది, పిలిచి చూస్తారు, నోరు తిరగకపోతే తీసేస్తారు. పని చేసినవాడికి ఆ పని మరీ దగ్గర. మనకి ప్రతి గ్రాఫూ ముఖ్యమే. అన్నీ అట్ట మీద ఎక్కించబోతాం, ముప్ఫై మాటలవుతాయి.

అలాగని ఎవరి నోట పడితే వాళ్ళ నోట పెట్టించకూడదు. లియోన్ లెడర్‌మన్ గొప్ప భౌతికవేత్త, నోబెల్ వచ్చింది. హిగ్స్ బోసాన్ అనే కణం మీద 1993లో జనం కోసం పుస్తకం రాశాడు. అది దొరక్క చంపుతోంది కాబట్టి దాన్నొక తిట్టుమాటతో పిలుద్దామనుకున్నానని, పబ్లిషర్ ఒప్పుకోలేదని సరదాగా రాసుకున్నాడు. తిట్టు తీసేస్తే మిగిలింది ‘గాడ్ పార్టికల్’. 2012 జూలైలో సెర్న్ అనే యూరప్ ప్రయోగశాల వాళ్ళు ఆ కణం దొరికిందని ప్రకటించినప్పుడు మన పేపర్లన్నీ ‘దైవకణం’. మా ఊరి నుంచి మా పెద్దమ్మ ఫోను చేసి, ఒరేయ్, దేవుడు కనపడ్డాట్టగా అంది. కణాలకి బరువు ఎలా వస్తుందన్న ప్రశ్నకీ ఆ పేరుకీ ఏమైనా సంబంధముందా? పిసరంత లేదు. ఆవిడకి అది విడమర్చి చెప్పడానికి నాకు అరగంట పట్టింది, చెప్పాక ఆవిడ ముఖం చిన్నబుచ్చుకున్నట్టు ఫోన్లోనే తెలిసింది.

ఇంకో ప్రమాదం, పేరు గొప్ప ఊరు దిబ్బ రకం. 2010లో ‘సైన్స్’లో ఒక పత్రం వచ్చింది. ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుకుని పెరగగల బ్యాక్టీరియా, అని పేరులోనే కుండబద్దలు కొట్టారు. అంటే డీఎన్‌ఏలో ఫాస్ఫరస్ స్థానంలో విషం! నాసా ప్రెస్ మీట్ పెట్టింది. 2012 కల్లా అదే జర్నల్లో, కాదు, దానికి ఫాస్ఫరస్ కావాల్సిందే అని రెండు పత్రాలొచ్చాయి. 2025 జూలైలో జర్నల్ మొదటి పత్రాన్ని వెనక్కి తీసుకుంది, రాసినవాళ్ళు ఒప్పుకోకపోయినా. ఆ పేరు చివర చిన్న ప్రశ్నార్థకం ఉండి ఉంటే ఎంత గొడవ తప్పేదో అనిపిస్తుంది నాకు. ప్రశ్నార్థకం అంటే గుర్తొచ్చింది. 2011లో న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కంటే వేగంగా వెళ్ళాయని గొడవ జరిగింది కదా. భౌతికవేత్త మైకేల్ బెర్రీ, మన ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రజ్ఞా శుక్లా, ఇంకో ఇద్దరు కలిసి ఒక పత్రం రాశారు. ఆ వేగాన్ని క్వాంటమ్ వీక్ మెజర్‌మెంట్‌తో వివరించవచ్చా, అని పేరు. కింద అబ్‌స్ట్రాక్ట్, అంటే పత్రం సారాంశం, ఏముందో తెలుసా? ‘బహుశా కాదు.’ అంతే. మొత్తం అబ్‌స్ట్రాక్ట్ అంతే.

ఫాస్ఫరస్ మాట వచ్చింది కాబట్టి మన భీమవరం మనిషిని తలుచుకోకపోతే పాపం. యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో రాసిన పత్రం పేరు ‘ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్’. రంగును బట్టి ఫాస్ఫరస్ కొలవడం. ఇంతకంటే చప్పటి పేరు ఉంటుందా? ఉప్పు లేదు, కారం లేదు. అయినా ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఆ పత్రం తెరిచి పెట్టుకుని పని చేసింది. ఎందుకు? అది పద్ధతి చెప్పే పత్రం. పద్ధతి కావలసినవాడు ఆ పేరుతోనే వెతుక్కుంటూ వస్తాడు. సీసా మీద ‘ఉప్పు’ అని రాస్తే చాలు, కవిత్వం అక్కర్లేదు. మీది పద్ధతి పత్రమైతే ఈ ప్రసంగం మర్చిపోండి.

వింత పేర్లకి సైటేషన్లు, అంటే మిగతావాళ్ళు మన పత్రాన్ని ఉదహరించడం, పెరుగుతాయా అని మీరు అడగబోతున్నారు, తెలుసు. 2008లో ఇద్దరు ఇజ్రాయెల్ పరిశోధకులు రెండు సైకాలజీ జర్నల్స్ తీసుకుని చూస్తే, బాగా నవ్వించే పేర్లున్నవాటికి సైటేషన్లు తగ్గాయి. తర్వాత ఎకాలజీ పత్రాల మీద చూసినవాళ్ళు, మనం అంత ముఖ్యం కాదనుకున్న పత్రాలకే సరదా పేర్లు పెడతాం, అది లెక్కలోంచి తీసేస్తే సరదా పేర్లకే మేలు అన్నారు. ఎటూ తేలేది కాదు. టెన్షన్ పడకండి.

నాకు నచ్చిన మధ్యేమార్గం మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్తది. 1967లో ఆయన పత్రం: ‘బ్రిటన్ తీరం పొడవెంత?’ అని అడిగి, మనమైతే కోలన్ పెట్టే చోట ప్రశ్నార్థకం పెట్టి, అవతల స్టాటిస్టికల్ సెల్ఫ్ సిమిలారిటీ, ఫ్రాక్షనల్ డైమెన్షన్ అన్నాడు. ఆ గుర్తుకి ఇవతల మనిషి, అవతల వెతుక్కునేవాళ్ళకి ఇండెక్స్. ఆ ప్రశ్న చూడ్డానికి చిన్నపిల్లల ప్రశ్న. కొలిచే బద్ద చిన్నదైనకొద్దీ ప్రతి వంపూ లెక్కలోకి వచ్చి తీరం పొడవు పెరుగుతూనే ఉంటుంది. మనం స్కూల్లో ఏం చదువుకున్నాం? ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లు. ఇప్పుడు ప్రభుత్వం లెక్క 1,053. దేశం మొత్తం మీద 7,516 కాస్తా 11,098 అయింది. సముద్రం ముందుకొచ్చిందా? లేదు. మ్యాపు స్కేలు మారింది, వంపులు బాగా కనపడ్డాయి. చూడండి, 1967లో అట్ట మీద వేసిన ప్రశ్న మన కాకినాడ దాకా వచ్చింది.

ఆ గుర్తు విలువ నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. ఒకప్పుడు నల్లరేగడి నేల ఎండితే పగుళ్ళు ఏ ఆకారంలో వస్తాయో చూశాను. చాలా కవిత్వంగా, ‘నేల నోరు తెరిచినప్పుడు’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో పేరు పెట్టాను. కోలన్ లేదు, మట్టి లేదు, పగులు లేదు. జర్నల్ వాళ్ళు వేశారు కూడా. పొంగిపోయాను. నాలుగేళ్ళ తర్వాత నా స్టూడెంటే వచ్చి, సార్, రేగడి పగుళ్ళ మీద ఎవరూ పని చేసినట్టు లేదు, మనం చేద్దామా అన్నాడు. నా గదిలో, నా ముందు కూర్చుని! వెతికితే వాడికి నా పత్రం దొరకలేదు. ఆ నేలతోపాటు నేనూ నోరు తెరిచాను.

సరే, నేనొక్కణ్ణే మాట్లాడుతున్నాను. మూడో వరసలో పసుపు చున్నీ అమ్మాయి, నువ్వేం చేస్తున్నావమ్మా? ఫుడ్ టెక్నాలజీ. టైటిల్ చెప్పు. గట్టిగా.

‘సర్టెన్ ఇన్వెస్టిగేషన్స్ ఆన్ ద ఇన్‌ఫ్లుయెన్స్ ఆఫ్ సాల్ట్ కాన్సన్‌ట్రేషన్ ఆన్ ద కీపింగ్ క్వాలిటీ ఆఫ్ ట్రెడిషనల్ మ్యాంగో పికిల్’. బాగుంది, సర్టెన్ ఉంది. మన వంశమే. అంటే ఆవకాయ. ఆవకాయ అని ఎందుకు రాయలేదమ్మా? గైడుగారు ఒప్పుకోరా? ఆయన ఇక్కడ ఉన్నారా? లేరు. అయితే మాట్లాడుకుందాం.

వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు. ఏంటి నాయనా? ‘ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే’. అందరూ నవ్వారు, బానే ఉంది. కానీ ఆ సామెత తప్పు చేసినవాడి గురించి. ఈ అమ్మాయి థీసిస్‌లో తప్పు చేసినవాడు ఎవడూ లేడు, నీళ్ళు అసలే లేవు. ఆవకాయలో నీటి చుక్క పడితే ఏమవుతుందో మీ ఇళ్ళల్లో అడగండి. ఉప్పు అనే మాట కలిసిందని సామెత తెచ్చాం, ప్రశ్న కలవలేదు. నా నేల నోరు తెరవడం కూడా ఇలాంటిదే.

అమ్మా, నువ్వు చెప్పు. ఈ పని గురించి ఇంట్లో ఎప్పుడైనా చెప్పావా? అమ్మకి చెప్పావు. అమ్మ ఏమన్నారు?

... మళ్ళీ చెప్పు, మైకు ఇవ్వండయ్యా ఆ అమ్మాయికి.

‘నాన్నకి బీపీ సార్. అందుకని అమ్మ, ఉప్పు ఎంత తగ్గిస్తే ఆవకాయ పాడైపోతుందో అదొక్కటి చెప్పవే చాలు అంది.’

విన్నారా? రాసుకోమ్మా, మర్చిపోకముందే. ఉప్పు ఎంత తగ్గిస్తే ఆవకాయ పాడవుతుంది, కోలన్. కోలన్ అవతల నీ సాల్ట్ కాన్సన్‌ట్రేషన్, కీపింగ్ క్వాలిటీ అన్నీ పెట్టుకో, గైడుగారికి కూడా ఏదో ఒకటి ఉండాలి కదా. అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో అమ్మగారి పేరు వెయ్యి. మామూలుగా ‘ప్రోత్సహించినందుకు’ అని కాదు, టైటిల్ పెట్టినందుకు అని.

ఇంకెవరున్నారు? ఆ బ్లూ షర్టు అబ్బాయి, నీదేంటి? నీది కూడా సర్టెనేనా? టీ వచ్చినట్టుంది, తాగుతూ చెప్పు, రా.